చేతిలోది కింద పెట్టి

ఆసుపత్రి క్వార్టర్లు,
ఫిబ్రవరి 4

గౌరవనీయులైన వదినగారికి,

కొత్తగా ఈ ‘గారు’ ఏమిటని ముక్కు మీద వేలేసుకుంటారేమో. వేసుకోండి. మా అన్న మిమ్మల్ని చేసుకుని పద్దెనిమిదేళ్లయింది. అంతకుముందు హాస్టల్లో మనిద్దరం ఆరేళ్లు ఒకే చాప మీద పడుకున్నాం. అయినా సరే, చుట్టరికం చూపించనివాళ్లకి నేను పరాయివాళ్లకి రాసినట్టే రాస్తాను.

జనవరి ఇరవైన మీరు మా ఆసుపత్రికి వచ్చారు. మీ చీటీ నంబరు నలభై మూడు. కౌంటర్లో నేనే ఉన్నాను. ఇబ్బందేమిటని అడిగాను, ఏం లేదన్నారు, బలం మాత్రలు తీసుకుని వెళ్లిపోయారు. బాగానే ఉంది. కానీ గేటు దాటి నలభై అడుగులు వేస్తే నా గది. తాళంచెవి కిటికీ మీద డబ్బాలో ఉంటుందని మీకు తెలుసు. పొద్దున్నే వండిపెట్టిన అన్నం సాయంత్రం దాకా అలాగే ఉంది. అంత దూరం వచ్చి ఆడపడుచు గడప తొక్కకుండా పోతారా? నాతో గదిలో ఉండే ఎక్స్‌రే ఆవిడ, “మీ వదిన కదా ఇవాళ వచ్చింది, మనింటికి రాలేదేం?” అని రాత్రి క్వార్టర్లలో నలుగురి ముందు అడిగింది. నా తల కొట్టేసినట్టయింది.

ఇంకో సంగతి. నిన్న బస్సు కండక్టరమ్మ ఉత్తరాల సంచి తెచ్చినప్పుడు మన ఊరివాళ్లు అన్న మాట ఒకటి చెప్పింది. మీరు ఎడమ చెయ్యి పొట్టకి ఆనించుకుని నడుస్తున్నారట. మగ్గం మీద దుప్పటి నెలన్నరగా సగంలోనే ఉందట. నెలకి రెండు దుప్పట్లు నేసే మనిషికి ఇదేం జబ్బు? ఏమైనా ఉంటే రాయండి. అన్నకి రాయడం రాదు, ఆయన్ని అడిగితే ఆకాశం చూస్తాడు.

ఇక్కడ నీళ్ల మోటారు మళ్లీ చెడిపోయింది. మూడో అంతస్తుకి బకెట్లు మోసి నా నడుం విరిగింది. మీకు ఇవన్నీ ఎందుకులెండి.

ఇట్లు,
మీకు అక్కర్లేని ఆడపడుచు

*

కొండ మీద ఇంటి నుంచి,
ఫిబ్రవరి 11

పెన్సిలుకి,

హాస్టల్లో చెవి మీద పెన్సిల్ పెట్టుకు తిరిగేదానివి, నాకు నువ్వు ఇప్పటికీ పెన్సిలువే. నీ మీరూ గీరూ కౌంటరు దగ్గరే అట్టిపెట్టుకో. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. అసలు మొగుడు నన్ను ఒక్క మాట అనడు, ఈ అర్ధమొగుడు మాత్రం ఉత్తరంలో కూడా తగువుకొస్తుంది.

సరే, లెక్క తేలుద్దాం. ఆ రోజు కోడి కూయగానే బయల్దేరాను. నాలుగు గంటలు కొండ దిగి, రెండు గంటలు బస్సులో నిలబడి మీ ఆసుపత్రికి వచ్చాను. నీ గదికి రాలేదని ఏడుస్తున్నావే, నేను వచ్చింది నీ అన్నం తినడానికి కాదు. నీతో ఒక మాట చెప్పుకోవడానికి వచ్చాను. బల్ల మీద మూడు గంటలు కూర్చున్నాను. “నలభై మూడు!” అని అరిచావు. నీ ముందుకొచ్చి నిలబడ్డాను. తలెత్తావు, చూశావు. చూసి, “ఏమ్మా, ఏంటి ఇబ్బంది?” అన్నావు. నేను నీకు అమ్మనెప్పుడయ్యానే? చేతిలో కలం అలాగే ఉంది, కలం కింద కాగితం అలాగే ఉంది.

ఏం లేదన్నాను. నువ్వు రాసేసుకున్నావు. “ఏ బాధా లేదు” అని రాశావు కదూ? తలకిందులుగా కూడా చదవగలను, ఏడో తరగతి దాకా నేనూ చదివాను.

మీ అమ్మ ఎలా అడిగేదో మర్చిపోయావా? మనవాళ్లలో ఒకసారి అడిగితే పలకరింపు. దానికి “ఏం లేదు” అనడం మర్యాద. రెండోసారి అడిగితే ఆరా. దానికీ “ఏం లేదు” అనే అంటాం, అవతలి మనిషికి పనుందేమో, మన గోడు వాళ్ల నెత్తిన ఎందుకని. నిజంగా వినదలుచుకున్నవాళ్లు చేతిలోది కింద పెట్టి, పక్కన కూర్చుని మూడోసారి అడుగుతారు. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలి. మూడోసారి అడిగాక దాచినవాళ్లంత నీచులు లేరంటారు మనవాళ్లు. మీ అమ్మ నీళ్ల బిందె కూడా దించి అడిగేది. నువ్వు కలం దించలేకపోయావు.

పోనీ, అంతమంది ముందు మూడుసార్లు అడగలేవు. “కూర్చో వదినా, ఇప్పుడే వస్తా” అనే ఒక్క మాటకి ఎంత టైం పడుతుంది?

నీ ఎర్ర మాత్రలు కోడిపెట్టకి వేశాను. దానికి బలం పట్టింది. నన్ను అడిగావు కాబట్టి చెబుతున్నా, నాకేం లేదు.

ఇట్లు,
నలభై మూడు

*

ఆసుపత్రి,
ఫిబ్రవరి 17

వదినకి,

నీ ఉత్తరం మందుల గదిలో నిలబడి చదివాను. చింపేద్దామనుకున్నాను. చింపలేదు, ఎప్పటికైనా అన్నకి చదివి వినిపిస్తాను.

ఆ రోజు అరవై ఏడు చీటీలు. ఒక్క కుర్చీ, ఒక్క కౌంటరు. వెనకాల పెద్ద సిస్టర్ నిలబడి మనిషికి రెండు నిమిషాలు దాటితే గొంతు సవరిస్తుంది. ఆవిడ దగ్గు విని బతుకుతున్నాం ఇక్కడ. అందరినీ మూడేసి సార్లు అడిగి, కలం కింద పెట్టి, పక్కన కూర్చుని బుజ్జగిస్తే అరవై ఏడో మనిషి ఆ బల్ల మీదే ముసలైపోతాడు. నీ చెయ్యి ఎలా ఉందో నేను గమనించలేదు. ఎవరి చెయ్యి ఎలా ఉందో చూసే తీరిక లేదు.

అయినా నువ్వు వైద్యానికి వచ్చావా, నాకు పరీక్ష పెట్టడానికి వచ్చావా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నోరున్నది ఎందుకు? “పెన్సిలూ, నాకు ఫలానా చోట బాగాలేదు” అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. నువ్వు ఏది ఎంచుకున్నావో నాకు అర్థమవుతూనే ఉంది.

హాస్టల్లో వార్డెనమ్మ మనకి ఈ మర్యాద స్కేలుతో వదిలించింది. అడిగిన వెంటనే జవాబు చెప్పాలి, రెండోసారి అడిగించుకుంటే అరచేతి మీద దెబ్బ. నేను దెబ్బలు తిని నేర్చుకున్నాను, చదువుకున్నాను, ఈ కుర్చీలో కూర్చున్నాను. నువ్వు ఏడో తరగతిలో గోడ దూకి పారిపోయావు. గోడదూకు అని పేరు కూడా తెచ్చుకున్నావు. పారిపోయినవాళ్లు నిలబడినవాళ్లకి నీతులు చెప్పకూడదు.

ఇప్పుడు రెండోసారి అడుగుతున్నాను, లెక్క రాసుకో. ఎడమ వైపు ఏముంది? మంగళవారం మంగళవారం ఆడ డాక్టరు వస్తుంది. నిన్ను ముట్టుకునేది ఆవిడే, మగవాళ్లెవరూ ఉండరు. వచ్చే మంగళవారం రా. రాకపోతే నీ ఇష్టం, నీ కోడిపెట్ట ఇష్టం.

ఇట్లు,
నీ అర్ధమొగుడు

*

ఫిబ్రవరి 25

పెన్సిలుకి,

రెండోసారి కూడా ఏం లేదు.

ఉత్తరంలో అడిగితే అడిగినట్టేనా? కలం పట్టుకోకుండా ఉత్తరం ఎవరూ రాయలేరు కదా. నీ రెండో ప్రశ్న కూడా చేతిలో కలంతోనే అడిగావు. నీకు కోపం వస్తే రానీ, నాకు నవ్వొచ్చింది.

నవ్వు రానిది ఒకటుంది. పారిపోయానన్నావు. నువ్వు అలా అందరికీ చెప్పుకుంటున్నావని నాకు తెలుసు, నా పెళ్లిలో కూడా చెప్పావు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

ఆ ఏడు వానల్లో నీకు జ్వరం. వార్డెనమ్మ గుమ్మంలోంచే “ఏంటి?” అంది. నువ్వు వెంటనే “ఏం లేదమ్మా” అన్నావు, దెబ్బకి భయపడి. ఆవిడ వెళ్లిపోయింది. నేను అన్నం తింటున్నాను. అడిగాను, ఏం లేదన్నావు. మళ్లీ అడిగాను, మళ్లీ అదే. అప్పుడు కంచం కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, నీ పక్కన కూర్చుని అడిగాను. “తల లోపల ఎవరో మేకు కొడుతున్నారే, నేను చచ్చిపోతానేమో, అమ్మ కావాలి” అన్నావు. నీకు గుర్తుందో లేదో. వార్డెనమ్మకి చెబితే నటిస్తోందంది.

అందుకే గోడ దూకాను. వానలో కొండెక్కి మీ అమ్మని లేపాను. ఆవిడ వచ్చి నిన్ను ఎత్తుకెళ్లి ఆసుపత్రిలో పెట్టింది. నేను తిరిగొస్తే గేటు దగ్గరే ఆపేశారు. గోడ దూకినదానికి సీటు లేదన్నారు. నీ చదువు నీకు మిగిలింది, నా చదువు ఆ గోడ దగ్గర ఆగింది. ఏరు దాటాక తెప్ప తగలేసే జాతి మనది కాదనుకున్నాను. నువ్వు తగలేయడమే కాదు, తెప్పే పారిపోయిందని ఊరంతా చాటావు.

మీ అమ్మ నీకెందుకు చెప్పలేదంటే, చెప్పొద్దని నేనే అన్నాను. నీకు తెలిస్తే చదువు మానేస్తావని. అప్పట్లో నువ్వు మంచిదానివి.

మీ అన్న బాగున్నాడు. మగ్గం కింద గొయ్యిలో ఎలుక పిల్లలు పెట్టింది.

గోడదూకు

*

మార్చి 4

వదినా,

నాకు తెలియదు. వార్డెనమ్మే ఇంటికి కబురు పంపిందనుకున్నాను ఇన్నేళ్లూ. అమ్మ పోయేముందు కూడా చెప్పలేదు. ఇరవై ఆరేళ్లు దాచిపెట్టి ఇప్పుడు ఉత్తరంలో నా మొహాన కొడతావా? ఇది కూడా ఒక రకం పొగరే. ఉపకారం చేసి చెప్పకపోవడం, చెప్పకుండానే అవతలివాళ్లని తప్పుచేసినవాళ్లని చెయ్యడం. ఆ కౌంటరు ముందు కూడా నువ్వు చేసింది అదే.

నేను ఏడ్చానా లేదా అన్నది నీకు అనవసరం.

అయితే నేను చేతులు కట్టుకుని కూర్చోలేదు. మా సూపరింటెండెంటుగారి దగ్గరికి వెళ్లి మన మూడుసార్ల మర్యాద గురించి మొత్తం చెప్పాను. మన కొండవాళ్లు “ఏం లేదు” అని ఎందుకంటారో, చీటీల్లో అంతమందికి “బాధ లేదు” అని ఎందుకుందో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి విన్నాడు. పై నుంచి పెద్దవాళ్లు తనిఖీకి వస్తున్నారట, వాళ్లకి చూపించడానికి ఇలాంటిదే కావాలన్నాడు. నాలుగు రోజుల్లో బోర్డు పెట్టించాడు. “మీ ఆచారాన్ని గౌరవిస్తాం. మూడుసార్లు అడుగుతాం” అని నీలం అక్షరాలు, నిలువెత్తు బోర్డు. చీటీలో కూడా కొత్తగా మూడు గడులు వేయించారు, అడిగినప్పుడల్లా ఒక టిక్కు పెట్టాలి.

పన్నెండేళ్లలో ఈ ఆసుపత్రి మనవాళ్ల కోసం చేసిన మొదటి పని ఇది. నా మాట మీద చేసింది. నువ్వు నలభై మూడో నంబరుగా నిలబడినందుకు చేసింది.

ఇప్పుడైనా వస్తావా? మంగళవారాలు అయిపోతున్నాయి వదినా.

నీ
పెన్సిల్

*

మార్చి 12

పెన్సిలమ్మగారికి,

మా చిన్నమామ మొన్న మీ ఆసుపత్రికి వెళ్లొచ్చాడు. ఆయన ఛాతీలో పిల్లికూతలు ఊరంతటికీ వినబడతాయి. కొత్త బోర్డు పెట్టారు, వెళ్లమని నేనే పంపాను. నీ మాట నమ్మి పంపాను, నన్ననాలి.

కౌంటర్లో ఎవరో కుర్రసిస్టర్ ఉందట. తలెత్తకుండా, “తాతా, నొప్పుందా? నొప్పుందా? నొప్పుందా?” అంది. ఊపిరి కూడా తీసుకోలేదట. టిక్కు, టిక్కు, టిక్కు. వేలంపాట అనుకున్నాడు ఆయన. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, కొట్టేశాం! ఆయన మూడుసార్లూ ఏం లేదనే అన్నాడు. ఎర్ర మాత్రలు ఇచ్చి పంపారు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, “అమ్మాయ్, మూడోసారి అడిగాక అబద్ధమాడాను, పాపం తగులుతుందా?” అని నన్నడిగాడు. డెబ్భై ఏళ్ల మనిషి. ఛాతీలో పిల్లి కూస్తుంటే ఆయన బెంగ ఇదీ.

ఏం చేశావే నువ్వు? మనకి మిగిలిన మర్యాద అదొక్కటి. దాన్ని తీసుకెళ్లి వాళ్ల గోడకి మేకు కొట్టావు. ఎవరో తనిఖీకి వస్తే చూపించుకోడానికి ఇచ్చావు. మనవాళ్లలో ఒక్కరినైనా అడిగావా, ఇది చెప్పనా వద్దా అని? ఒక్కసారైనా? వార్డెనమ్మ స్కేలుతో కొట్టి మాన్పించాలని చూసింది, ఆవిడే నయం. నువ్వు గడులు గీసి చంపేశావు. రేపటి నుంచి మా ఇంట్లో నేను ఎవరినైనా మూడోసారి అడిగితే వాళ్లకి మీ టిక్కులే గుర్తొస్తాయి.

నా పొగరు గురించి రాశావు. అవును, నాకు పొగరే. పొగరు లేకపోతే ఆ బల్ల మీద మూడు గంటలు కూర్చోలేను.

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో. కాగితం కదలకుండా పట్టుకోడానికి ఎడమ చెయ్యి సాయం రావడం లేదు, రాయి పెట్టి రాస్తున్నాను. జడ మీ అన్న వేస్తున్నాడు, తాడు పేనినట్టు వేస్తాడు. అయినా నాకేం లేదు.

ఇంక నాకు రాయకు. రాసినా చదవను.

*

మార్చి 17

వదినా,

చదవనన్నావు. చదువుతావు. కండక్టరమ్మ చేతిలో పెట్టి, కొండ మీదికి తెచ్చే మనిషిని నువ్వు విప్పేదాకా అక్కడే నిలబడమని చెప్పించాను.

నీ ఉత్తరం అందిన రోజే రికార్డుల గదికి వెళ్లి మనవాళ్ల కొత్త చీటీలు తీశాను. నూట పన్నెండు చీటీలు. మూడు గడుల్లో మూడు టిక్కులూ ఒకే గీతలో పెట్టారు, కలం కాగితం మీంచి లేవలేదు. నూట పన్నెండింటిలో తొంభై ఎనిమిదింటి మీద “ఏ బాధా లేదు”. వాటిని పట్టుకెళ్లి సూపరింటెండెంటుగారి బల్ల మీద వేశాను. బోర్డు తీయించమన్నాను. తనిఖీ అయ్యేదాకా నోరు మూసుకోమన్నాడు. మూసుకోలేదు. పెద్ద సిస్టర్‌ని నలుగురిలో నానా మాటలూ అన్నాను. ఆవిడ దగ్గలేదు, అరిచింది. నన్ను దుప్పట్ల గదికి మార్చారు. ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెట్టే పని. కిటికీ లేదు. నువ్వు నేసినవాటితో పోలిస్తే ఇవి దుప్పట్లు కావు, గోనెలు.

నీతో తగువాడటానికి ఇదంతా రాయలేదు. ఒక నిజం చెప్పాలి.

నీ చెయ్యి చూడలేదని రాశాను కదా, అబద్ధం. చూశాను. నువ్వు వరుసలో ముగ్గురి వెనకాల ఉన్నప్పుడే చూశాను. ఎడమ చెయ్యి వాచి ఉంది, నువ్వు దాన్ని కుడిచేత్తో పట్టుకుని ఉన్నావు. పన్నెండేళ్లుగా నర్సుని, అలా పట్టుకుంటే ఏమై ఉంటుందో నాకు తెలుసు. నువ్వు ‘ఏం లేదు’ అంటే ఏమిటో కూడా తెలుసు.

టైం లేక కాదు వదినా. సిగ్గుపడ్డాను. పెద్ద సిస్టర్ నా వెనకాల ఉంది. ఆ పొద్దున్నే ఆవిడ మన ముసలామె ఒకామెని చూసి ముక్కు మూసుకుని, “మీ వాళ్లే కదూ?” అని నన్నడిగింది. నేను కాదన్నాను. పన్నెండేళ్లుగా ఇక్కడ నేను ‘కొండ నర్సు’ అనిపించుకోకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాను. నా మాట మార్చుకున్నాను, నడక మార్చుకున్నాను. అప్పుడే నువ్వొచ్చి నిలబడ్డావు, కాళ్లకి చెప్పుల్లేకుండా, మోకాళ్ల దాకా బురదతో. కలం కింద పెట్టి “వదినా” అంటే నువ్వు నా మనిషివని ఆవిడకి తెలిసిపోతుంది. అందుకే “ఏమ్మా” అన్నాను. ఇంకోసారి అడగలేదు, అడిగితే ఎక్కడ చెప్పేస్తావోనని.

బోర్డు కూడా అందుకే పెట్టించాను. నేను ఒక్కసారి చేయాల్సిన పని గోడ చేత చేయించాలనుకున్నాను.

నన్ను తిట్టుకో. చాలకపోతే అన్న చేత కూడా తిట్టించు. కానీ రెండుసార్లు అడిగాను, నీ లెక్క ప్రకారమే రెండు. మూడోది ఉత్తరంలో కుదరదు. శుక్రవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. నాలుగు గంటలు ఎక్కాలంటే నా వల్ల అవుతుందో లేదో. నువ్వు వాచిన చేత్తో ఎక్కావు, నేనెందుకు ఎక్కలేను.

పెన్సిల్

*

మార్చి 19

రావద్దు.

నీ ఉత్తరం మీ అన్నకి చదివి వినిపించాను. ఆయన ఆకాశం చూడలేదు, నేల చూశాడు. తర్వాత లేచి వెళ్లి గొడ్డలి పట్టుకుని సాయంత్రం దాకా కట్టెలు కొట్టాడు. ఈ ఏడాదికి సరిపడా కట్టెలున్నాయి మాకు.

కాళ్లకి చెప్పుల్లేవని సిగ్గుపడ్డావా? చెప్పులు బస్సులో తెగిపోయాయే. కొత్త చెప్పులు, నీ దగ్గరికి వస్తున్నానని వేసుకున్నాను.

నిన్ను చూస్తే ఏమంటానో నాకే తెలియదు. అందుకే రావద్దంటున్నాను. చెప్పినా వినే రకం కాదని కూడా తెలుసు. పట్నంవాళ్లు రోగిని చూడ్డానికి ఉత్తచేతులతో వెళ్లకూడదంటారు. ఏదో ఒకటి మోసుకొస్తావు. పళ్లూ వద్దు, మాత్రలూ వద్దు.

వచ్చి చస్తే, ఉత్తచేతులతో చావు.

*

మే 9

పెన్సిలుకి,

ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాం. మీ అన్న నన్ను సగం కొండ వీపు మీద మోశాడు. దించమని తిట్టినా దించలేదు. ఆయనకి ఇంత మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో, మీ వంశంలోనే ఉందనుకుంటా.

నీ మీద కోపం పోయిందనుకుంటున్నావేమో. పోలేదు. శుక్రవారం నువ్వొచ్చినప్పుడు ముందు తలుపు వేసేద్దామనుకున్నాను. నువ్వు గడప బయటే ఆగిపోయావు. సంచి కింద పెట్టావు. చేతి గడియారం తీసి సంచి మీద పెట్టావు. జేబులోంచి కలం తీసి గడియారం పక్కన పెట్టావు. ఏదో మర్చిపోయినట్టు మళ్లీ వెతుక్కుని, చెవి మీద పెన్సిల్ తీసి పెట్టావు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా చెవి మీద పెన్సిలేనా? నవ్వు ఆపుకోలేకపోయాను, అందుకే నువ్వు లోపలికి రాగలిగావు. లేకపోతే నీ జన్మలో రానిచ్చేదాన్ని కాదు.

మగ్గం గొయ్యి అంచున కూర్చుని, ఆ ఉత్త అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, “ఏముందే గోడదూకూ?” అన్నావు. చెప్పాను. ఈ చలికాలంలో వచ్చింది కాదు, కిందటి వానలకే చిన్న గింజలా ఉండేది, ఎడమ రొమ్ములో. మీ అన్నకి కూడా చెప్పలేదు. ఆయన రెండుసార్లు అడిగి భయపడి ఊరుకున్నాడు.

మీ డాక్టరమ్మ మంచిపిల్ల. నువ్వేం నూరిపోశావో ఏమో, మెడలో గొట్టం తీసి బల్ల మీద పెట్టి, మంచం అంచున కూర్చుని అడిగింది. పాపం చిన్నదని రెండోసారికే చెప్పేశాను. కోసి తీసేశాక ఆవిడే చెప్పింది, రెండు నెలల ముందు వచ్చుంటే రొమ్ము మిగిలేదేమో, గడ్డ చంకలోకి పాకకపోయేదేమో అని. ఇంకా ఆరుసార్లు మందు ఎక్కించాలట. అయినా మాట ఇవ్వలేనంది. అడక్కుండానే నిజం చెప్పే మనిషిని మొదటిసారి చూశాను.

ఆ రెండు నెలలూ ఎవరివని మంచంలో పడుకుని చాలాసార్లు ఆలోచించాను. ఒక నెల నీ సిగ్గుది, ఒక నెల నా మొండితనానిది. నీ నెలని క్షమించను. నా నెలని ఎవరు క్షమిస్తారో తెలియదు. నీ ప్రశ్న రెండోసారి వచ్చినప్పుడే రాసి పడేయాల్సింది. మర్యాద మర్యాద అని కూర్చున్నాను. మన మర్యాదలో తప్పు లేదే, దాన్ని నీ మీద కత్తిలా తిప్పిన నాలో ఉంది.

జుట్టు ఊడుతుందట. హాస్టల్లో మొదటిరోజు గుండు కొట్టించినప్పుడు నువ్వు ఏడ్చావు, నేను ఏడవలేదు. ఇప్పుడూ ఏడవను. మగ్గం మీద దుప్పటి మళ్లీ మొదలైంది. ఎడమ వైపు నుంచి నూలు తీసుకుపోయే నాడె మీ అన్న విసురుతున్నాడు, కుడి వైపు నుంచి నేను. అంచు తాగినవాడు నేసినట్టుంది.

చిన్నమామని ఈసారి నువ్వే లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టావట. ఛాతీ మాట చెప్పాడట. అరుగు మీద ఇప్పుడు నిద్రపోతున్నాడు, పిల్లి కూత తగ్గింది. బోర్డు ఇంకా ఉందని చెప్పాడు. ఉండనీ, దానికి మేకు కొట్టింది నువ్వే, పీకాల్సింది కూడా నువ్వే.

ఒక మాట. వార్డులో ఉన్న అన్ని రోజులూ నువ్వు దుప్పట్లు పట్టుకుని నా మంచం పక్కనుంచి రోజుకి పదిసార్లు తిరిగావు. నా వంక చూసి వెంటనే దుప్పటి వంక చూసేదానివి. మెడ ఎముకలు బయటపడ్డాయి. తింటున్నావో లేదో. మీ అన్న కూడా అన్నాడు, దీని సంగతేదో బాగాలేదని.

నా చేతిలో కలం ఉంది కాబట్టి ఇది పలకరింపు కిందే లెక్క. మొదటిసారి అడుగుతున్నాను.

ఎలా ఉన్నావే?

వదిన

*

దుప్పట్ల గది,
మే 16

వదినా,

నాకేం లేదు. బాగానే ఉన్నాను.

పెన్సిల్